భీమిలిలో సాయం చేసిన ఆ అన్నకి

మొన్న ఆదివారం మా మామ్మ అస్థికలు కలపడానికి భీమిలి వెళ్ళాం, గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి. అలలు గట్టిగా ఉన్నాయి, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, దిగలేకపోతున్నారు, అప్పుడు వల బాగుచేసుకుంటున్న ఒకాయన అదలా వదిలేసి వచ్చి నాన్నగారి చెయ్యి పట్టుకుని "ఇక్కడ కాదు బాబూ లాగేస్తాది, ఇటు రండి" అని ఏటివైపు నీళ్ళు నెమ్మదిగా ఉన్నచోటికి తీసుకెళ్ళి పనయ్యేదాకా పక్కనే ఉన్నారు. డబ్బులిస్తుంటే "అమ్మగారు ఏటి చేసీవోరు?" అనడిగారు. లెక్కల టీచరండీ అన్నాం. "టీచరమ్మ పనికి డబ్బులేటి బాబూ" అని, పేరడిగినా నవ్వేసి వల దగ్గరికి వెళ్ళిపోయారు.

మామ్మ ఉండుంటే ఆయన్ని కూర్చోబెట్టి మీ పిల్లలు ఏం చదువుతున్నారు, పదమూడో ఎక్కం వచ్చా అని మొదలెట్టేసేది. రిటైరయ్యాక కూడా కళ్ళజోడు డబ్బాలో ఎర్ర పెన్ను ఉండేది, ఇంటికొచ్చిన శుభలేఖల్లో కూడా తప్పులు దిద్దేది (మా అత్త పెళ్ళి కార్డుతో సహా!). సాయంత్రాలు అరుగు మీద వీధి పిల్లలకి ఫ్రీ ట్యూషన్, ఎవరైనా ములక్కాడలు తెస్తే మాత్రం కాదనేది కాదు.

అన్నా, చాలా థాంక్స్. భీమిలి వాళ్ళెవరికైనా ఆయన తెలిస్తే చెప్పండి, పిల్లలకి లెక్కల్లో ఏం కావాలన్నా మా అత్త ఉంది, ఆవిడా టీచరే, కాస్త కోపం ఎక్కువ అంతే.