విచారం వేరు, క్షమాపణ వేరు: విదేశాంగ మంత్రికి బహిరంగ లేఖ

విదేశాంగ మంత్రి గారికి,

నమస్కారం. అనువాదం నా వృత్తి. ఆ మధ్య ఒక సంస్థ క్షమాపణ ప్రకటనలో "మా వల్ల తప్పు జరిగింది" అని రాసి పంపాను. తిరిగొచ్చేసరికి "మా వల్ల" కొట్టేసి ఉంది. మిగిలింది "తప్పు జరిగింది" మాత్రమే. వాన పడినట్టు తప్పు కూడా దానంతటదే పడిందన్నమాట! పరాయి దేశాలకు పంపే ఇలాంటి ముసాయిదాలు మీ సంతకానికీ వస్తుంటాయి కాబట్టి ఈ ఉత్తరం.

2001 ఏప్రిల్‌లో అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధ విమానం ఢీకొన్నాయి. చైనా పైలట్ చనిపోయాడు. అమెరికా సిబ్బంది 24 మంది చైనాలో చిక్కుకుపోయారు. చివరికి "వెరీ సారీ" అన్న లేఖతో బయటపడ్డారు. అది క్షమాపణ కాదని అమెరికా, క్షమాపణేనని చైనా ఎవరికి వాళ్లు చెప్పుకున్నారు. గండం గడిచింది. నమ్మకం పెరిగిందని మాత్రం నేననుకోను.

అంతకు రెండు నెలల ముందే హవాయి దగ్గర అమెరికా జలాంతర్గామి పైకి లేస్తూ 'ఎహిమే మారు' అనే జపాన్ శిక్షణ నౌకను ఢీకొట్టింది. తొమ్మిది మంది పోయారు, అందులో నలుగురు హైస్కూల్ పిల్లలు. ఆ జలాంతర్గామి కమాండర్ స్కాట్ వాడిల్ మొదట లాయర్ ద్వారా విచారం ప్రకటించాడు. విచారణ ముందున్న మనిషికి అది జాగ్రత్త. పిల్లల్ని పోగొట్టుకున్న వాళ్లకు మాత్రం పుండు మీద కారం. జపనీస్‌లో 'ఇకాన్' అంటే జరిగినదానికి చింతించడం, 'షజాయ్' అంటే తప్పు నెత్తిన వేసుకోవడం. ఈ తేడా అక్కడ అందరికీ తెలుసు. ఆ కుటుంబాలు అడిగింది ఆ మనిషి స్వయంగా ఎదురుగా వచ్చి తల వంచమని. మార్చిలో విచారణ దగ్గర వాళ్లను కలిసి క్షమాపణ చెప్పాడు. 2002 డిసెంబర్‌లో జపాన్ కూడా వెళ్లాడు. ఈలోగా అమెరికా నౌకాదళం సుమారు 600 మీటర్ల లోతు నుంచి ఆ నౌకను లేపి ఎనిమిది మృతదేహాలను వెలికితీసింది. నాకు తెలిసి ఏ ఉత్తరమూ చేయలేని పని అది.

పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల్లో అయితే మాటల వంతు తర్వాతే వస్తుంది. తప్పు చేసిన వాళ్ల కుటుంబం తల మీద నేత చాప కప్పుకుని బాధితుల ఇంటి ముందు కూర్చుంటుంది. దాన్ని 'ఇఫోగా' అంటారు. ఆ చాప తీయడమా మానడమా అన్నది లోపలి వాళ్ల ఇష్టం.

లాయర్ల భయాన్ని నేను కొట్టిపారేయను. సారీ చెప్పడాన్ని సివిల్ కేసులో తప్పు ఒప్పుకున్నట్టు లెక్కేయకూడదని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2006లో చట్టమే చేసుకోవాల్సి వచ్చింది.

నా మనవల్లా ఒకటే. ఇకమీదట ముసాయిదాను లాయర్ కంటే ముందు, దెబ్బతిన్న వాళ్ల భాష మాతృభాష అయిన ఒకరికి చూపించండి. "ఇది చదివితే మీ అమ్మకు ఏమనిపిస్తుంది?" అని అడగండి. ఎవరు వెళ్లాలో, ఎప్పటిలోగా వెళ్లాలో కూడా వాళ్లనే అడగండి.

ఇట్లు,
ఒక అనువాదకుడు