బరువు ఆగిపోయిన వాళ్ల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో బరువు తగ్గడం మీద వారం వారం ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, నేనూ వదలకుండా చదువుతూనే ఉంటాను. చిక్కల్లా ఏమిటంటే అన్ని వ్యాసాలూ ఒకేచోట ఆగిపోతాయి. నడవండి, నోరు కట్టుకోండి, తగ్గుతారు. సరే, తగ్గుతారు. ఆ తర్వాత సంగతేంటి? మూడు నాలుగు నెలలు బాగానే తగ్గి, ఐదారు కిలోలు పోయాక, అదే నడక అదే తిండి, వాన పడుతున్నా గొడుగేసుకుని వెళ్లొస్తున్నా సరే, మెషిన్ మీద అంకె మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. జిమ్ కోచ్‌లు ప్లాటో అనే ఈ దశ గురించి మీ పేజీలో నేను చూసిందల్లా 'నడక ఇంకో అరగంట పెంచండి' అన్న ఒక్క ముక్క.

మా గుంటూరు పార్కులో పొద్దున్నే కలిసే ఆడవాళ్ల దగ్గర ఈ మాట వినని వారం ఉండదు. 'ఎంత తిరిగినా స్టక్కయిపోయింది వదినా' అని మొదలవుతుంది. ఇంట్లో 'చాటుగా ఏం లాగిస్తున్నావో' అని ఎగతాళి. నెల తిరిగేసరికి ఆ మనిషి పార్కుకే రావడం మానేస్తుంది. మానేశాక పోయిన కిలోలు వడ్డీతో సహా తిరిగొస్తాయి. ఈ ఉత్తరం రాసేది ఆ మానేసే వాళ్ల కోసం.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, కాబట్టి లెక్కగానే చెబుతాను. 75 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ఒక గంట నడిస్తే సుమారు 260 క్యాలరీలు ఖర్చవుతాయి. అదే మనిషి 65 కిలోలకు వచ్చాక అదే వేగంతో అదే గంట నడిస్తే అది 230కి దిగుతుంది, మోయాల్సిన బరువే తగ్గింది కదా. నడకలోనే కాదు, కూర్చున్నా పడుకున్నా గుండె కొట్టుకోవడానికీ ఒళ్లు వెచ్చగా ఉండటానికీ అయ్యే ఖర్చు కూడా చిన్న ఒంటికి తక్కువే. 10 కిలోలు తగ్గేసరికి రోజు మొత్తం మీద ఖర్చు 200 క్యాలరీల పైచిలుకు పడిపోతుంది. అంటే మొదట్లో తినేదానికీ ఖర్చయ్యేదానికీ మధ్య రోజుకు 300 క్యాలరీల తేడాతో తగ్గుతూ వచ్చిన మనిషికి, తిండీ నడకా ఏమీ మారకపోయినా, ఆ తేడా దానంతటదే కరిగిపోతూ వస్తుంది. దానికి తోడు బరువు తగ్గినకొద్దీ ఆకలి పెరుగుతుంది, అది మనకు తెలియకుండానే ఇంకో నాలుగు మెతుకులు ఎక్కువ తినిపిస్తుంది. ఇవన్నీ కలిసి ఎక్కడో ఒకచోట జమా ఖర్చూ సరిసమానమైపోతాయి, బరువు ఆగేది అక్కడ. ఇందులో బద్ధకం ఎక్కడుంది, దొంగతిండి ఎక్కడుంది చెప్పండి.

అమెరికాలో 'ద బిగ్గెస్ట్ లూజర్' అని బరువు తగ్గే పోటీ ఒకటి టీవీలో వచ్చేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం మళ్లీ పరీక్షించి 2016లో ఆ ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో చాలామంది తగ్గిన బరువులో పెద్ద భాగం తిరిగి పెరిగిపోయారు. అయినా సరే, ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చు చేసేది, ఆ సైజు మనిషి ఖర్చు చేయాల్సిన దానికంటే సగటున రోజుకు 500 క్యాలరీల దాకా తక్కువగానే ఉంది. అంత విపరీతంగా తగ్గినవాళ్ల సంగతి అది, ఐదారు కిలోలు తగ్గినవాళ్లు దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు. కాకపోతే ఒళ్లు పొదుపు నేర్చుకుంటుందన్నది మాత్రం నిజం. అదే పోటీదారుల్లో బరువును నిలబెట్టుకున్నవాళ్లు మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ కదిలినవాళ్లేనని కూడా తేలింది. అందుకే నడక దండగ అని నేననడం లేదు, తగ్గిన బరువు తిరిగి రాకుండా కాపలా కాసేది అదే. ఆగిపోయిన అంకెను కదిలించడానికి అదొక్కటే చాలదంటున్నాను.

అసలు ఆ ఇంకో అరగంట ఎక్కడినుంచి తేవాలి? పొద్దున్నే లేచి పాలు కాచి, కుక్కర్ పెట్టి, రెండు మూడు క్యారియర్లు సర్ది, ఆ మధ్యలో దొరికిన గంటలో పార్కు చుట్టూ గానుగెద్దులా తిరిగొచ్చే ఆడమనిషికి ఇంకో అరగంట అంటే నిద్రలోంచే కోయాలి. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి ఎక్కువ, అదొక గొడవ. పైగా పెంచిన నడకంతా లెక్కలోకి వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. టాంజానియాలో హడ్జా అనే వేటగాళ్ల తెగ ఉంది, రోజూ మైళ్లకొద్దీ నడుస్తారు, దుంపలు తవ్వుకుంటారు. వాళ్ల రోజువారీ క్యాలరీల ఖర్చును హెర్మన్ పాంట్జర్ బృందం కొలిచి చూస్తే, ఒంటి సైజును లెక్కలోకి తీసుకున్నాక, ఆఫీసుల్లో కూర్చునే పాశ్చాత్యుల ఖర్చుకూ దానికీ పెద్ద తేడా కనబడలేదు (2012 నాటి అధ్యయనం ఇది). ఒకచోట ఎక్కువ ఖర్చు పెడితే ఒళ్లు ఇంకోచోట బిగించుకుంటుందన్నమాట.

అందుకని పార్కు వదిలేసి కాసేపు వంటింట్లోకి రండి. ముందు నూనె. ఈ నెల సరుకుల చీటీ తీసి చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటరు ప్యాకెట్లు అయిపోతుంటే, తలకు రోజుకు 30 గ్రాములు. గ్రాముకు 9 చొప్పున 270 క్యాలరీలు. చూశారా, పైన చెప్పిన గంట నడకకు అటూ ఇటూగా సరిపోయింది! ఇందులో మూడో వంతు తగ్గించినా కూర రుచేం చెడదు. తాలింపుకు ప్యాకెట్ కొస కత్తిరించి చేత్తో వంచడం మానేసి, ఒక డబ్బాలో పోసుకుని స్పూనుతో కొలిచి వేస్తే చాలు. రెండోది, పిల్లలు కంచంలో వదిలేసిన ముద్ద. 'అన్నం పారేయకూడదు' అని అమ్మలే తింటారు, అది ఏ డైట్ చార్టులోనూ ఉండదు. గిన్నె అడుగున మిగిలిన పెరుగన్నం కూడా అంతే. మూడోది టీ. రెండేసి స్పూన్ల చక్కెరతో రోజుకు మూడు టీలు తాగితే, పాలు వదిలేసి చక్కెర ఒక్కటే 120 క్యాలరీలు. ఇక పార్కు గేటు దగ్గర పునుగుల బండి గురించి నేనేమీ అనను, వాళ్లూ బతకాలి.

చిరుధాన్యాల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఆగిపోయినవాళ్లకు అందరూ మొదట ఇచ్చే సలహా 'అన్నం మానేసి కొర్రలు తిను' అనే. మంచివే, పీచు ఎక్కువ, కాస్త తింటే చాలనిపిస్తుంది. కానీ వండని బియ్యంలోనూ కొర్రల్లోనూ 100 గ్రాములకు క్యాలరీలు రమారమి సమానమే, 330 నుంచి 360 మధ్యలో. 'మిల్లెట్సే కదా' అని కంచం నిండా పెట్టుకుంటే అన్నం తిన్నట్టే. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజు మొత్తం క్యాలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని అందులో ఉంది, చిరుధాన్యాలనూ ఆ వాటాలోనే కలిపారు. మన కంచంలో అది ఎంతుంటుందో ఎవరిది వాళ్లే చూసుకోవచ్చు.

ధాన్యం తగ్గించిన చోట ఏం పెట్టాలన్నది అసలు విషయం. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. నలభై దాటిన ఆడవాళ్లకు అసలే తక్కువగా ఉన్న కండ అది. దాన్ని కాపాడేవి రెండు, ప్రొటీన్, బరువులెత్తడం. ఆ సంస్థ లెక్క ప్రకారమే కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 65 కిలోల మనిషికి 54 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములుంటుంది. నీళ్లలాంటి పప్పుచారు రెండు గరిటెలు పోసుకుని 'పప్పు తింటున్నాం కదా' అనుకుంటే ఎలా? ముద్దపప్పు, శనగలు, పెసరట్టు, గుడ్డు, చేప, చికెన్, పెరుగు, ఎవరి ఆచారాన్ని బట్టి వాళ్లకు బోలెడున్నాయి. జిమ్ కౌంటర్లో అమ్మే పౌడర్ డబ్బాలకు దూరంగా ఉండమని కూడా ఆ మార్గదర్శకాల్లోనే రాశారు.

బరువులెత్తడం అనగానే మా వాళ్లు నవ్వుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలంటోంది, మనం మొదటి సగం ఒక్కటే పట్టుకున్నాం. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, గోడకు చేతులు పెట్టి ముందుకు వంగి వెనక్కి రావడం, రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఎత్తి దించడం, ఇంట్లో చీరలోనే చేసుకోవచ్చు. పది సార్లు చేయగలిగినవాళ్లు పన్నెండు చేయాలి, పన్నెండు తేలికైతే సీసాకు బదులు ఇంకాస్త బరువున్నది తీసుకోవాలి. మున్సిపల్ పార్కుల్లో పెట్టే ఓపెన్ జిమ్ మెషిన్లు చాలావరకు ఊయలలా ఊగడానికే, బరువు పెంచుకునే వీలే ఉండదు. దీని మీద మీ పత్రిక వేరేగా ఒక వార్త రాస్తే బాగుంటుంది.

అన్నట్టు, ఆగిపోయిందా లేదా అన్నది కూడా తొందరపడి తేల్చకూడదు. ముందురోజు ఆవకాయ గట్టిగా తిన్నా, నెలసరి దగ్గరపడినా, కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టినా ఒంట్లో నీరు చేరి కిలో కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. నాలుగైదు వారాలు వరసగా కదలకపోతేనే ఆగినట్టు లెక్క. ఈలోగా టైలర్ టేపుతో నడుం కొలవండి, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదంటారు. అంకె కదలకపోయినా టేపు జరిగితే పని జరుగుతున్నట్టే. ఎంతకీ ఏదీ కదలకపోతే, ఒళ్లంతా నీరసం, జుట్టు ఊడటం లాంటివి కూడా ఉంటే థైరాయిడ్ చూపించుకోవాలి. కొన్ని షుగర్ మందులు, స్టెరాయిడ్లు కూడా బరువు దిగనివ్వవు. మందులు సొంతంగా ఆపేయకుండా డాక్టర్‌నే అడగాలి.

ఐదారు కిలోల దగ్గర ఆగిపోయి ఏడ్చేవాళ్లకు ఇంకో మాట. షుగర్ వచ్చే ముప్పు ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గించుకోవడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం, లక్ష్యం ఇంతే. షుగర్ రావడం 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతం అంటే 5.6 కిలోలు. ఇంటికో షుగర్ పేషెంటు ఉన్న మన దగ్గర ఇది చిన్న సంగతేం కాదు. కొన్ని నెలలు అంకెను తగ్గించే యావ పక్కనపెట్టి, ఉన్నచోట నిలబెట్టుకోవడమే పనిగా పెట్టుకున్నా తప్పులేదు.

చివరగా మీతో పేచీ. ఇదే పేజీ కింద '30 రోజుల్లో 10 కిలోలు' అని ప్రకటనలు వేస్తారు. కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు. 10 కిలోలకు 77,000. 30తో భాగిస్తే రోజుకు 2,500 పైన. చాలామంది ఆడవాళ్లు రోజంతా కలిపి ఖర్చు చేసేదే 2,000 అటూ ఇటూ. నెలంతా మంచినీళ్లు తాగి పడుకున్నా పోనంత కొవ్వు ఆ డబ్బా తాగితే ఎలా పోతుందండీ? పోయేది నీరు, కండ. మా ఎనిమిదో తరగతి పిల్లలు వేసే లెక్క ఇది, ప్రకటన తీసుకునేటప్పుడు మీవాళ్లు కూడా ఒకసారి వేసి చూడొచ్చు. అలాగే '30 కిలోలు తగ్గిన గృహిణి' అని పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన వేసి కథలు రాస్తుంటారు. వాళ్లనే రెండేళ్ల తర్వాత మళ్లీ పలకరించి, ఎంతమందికి ఎక్కడ ఆగింది, ఎంత తిరిగొచ్చింది, ఎవరు ఎలా నిలబెట్టుకున్నారు అని ఒక ఆదివారం వేయండి. ఆ రోజు మా పార్కు గేటు దగ్గర మీ పేపర్ పది కాపీలు ఎక్కువ అమ్మించే పూచీ నాది.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
గుంటూరు