నా బరువు, మా బీచ్ అడిగి మరీ పనికిరాని సర్ఫ్‌బోర్డు అంటగట్టారు

విశాఖపట్నం,
20 మార్చి 2025.

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీ ‘బోర్డు గైడ్’ సిఫారసు చేసిన 6 అడుగుల 2 అంగుళాల సర్ఫ్‌బోర్డు వాపసు, లేదా మార్పిడి గురించి.

అయ్యా,

‘మీకు సరిపోయే బోర్డు మేమే చెబుతాం’ అని మీ వెబ్‌సైట్‌లో తాటికాయంత అక్షరాలతో రాసింది నమ్మి గత నెలాఖరులో ఒక సర్ఫ్‌బోర్డు ఆర్డర్ చేశాను. బోర్డుకి 36,500 రూపాయలు, ట్రాన్స్‌పోర్టుకి ఇంకో 2,200. మార్చి 5 బుధవారం ఇంటికి చేరింది. ప్యాకింగ్ మీద నాకు ఫిర్యాదు లేదు, చిన్న గీత కూడా పడలేదు. బోర్డు కూడా మంచిదే. కాకపోతే అది నాకు, మా సముద్రానికి పనికొచ్చేది కాదు. ఆ సంగతి మీకు ముందే తెలిసి ఉండాలి. ఎందుకంటే వెబ్‌సైట్‌లో మీ ‘బోర్డు గైడ్’ అడిగిన ఐదు ప్రశ్నలకీ నేను నిజమే చెప్పాను.

బరువు 78 కిలోలు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ‘మీ అనుభవం’ అన్నచోట ‘ఇప్పుడే మొదలుపెడుతున్నాను’ నొక్కాను. ఈత వచ్చు. బీచ్ దగ్గర విశాఖపట్నం ఎంచుకున్నాను. ఇంత చెప్పాక మీ గైడ్ చూపించింది 31 లీటర్ల షార్ట్‌బోర్డు. కింద ‘మీ బీచ్ అలలకు సరిగ్గా నప్పుతుంది’ అని ఆకుపచ్చ టిక్కు. ఆ పేజీ ఫోటో జతచేశాను.

ఈ లీటర్ల లెక్క అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు బాగా తెలిసింది. లీటర్లంటే బోర్డు ఘనపరిమాణం, ఎన్ని లీటర్లయితే అంత తేలుడు. నేర్చుకునేవాడికి తన బరువెన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లు ఉండాలి, ఎక్కువుంటే ఇంకా మంచిది. 78 కిలోల మనిషి ఏళ్ల తరబడి అలల మీద తిరిగినవాడైతే 31 లీటర్లతో నెట్టుకొస్తాడు. నాకు ఏళ్లు కాదు, అప్పటికి ఒక్క ఆదివారం కూడా అనుభవం లేదు.

ఆ మొదటి ఆదివారం, మార్చి 9న, తెల్లారుతూనే రుషికొండ వెళ్లాను. ఆర్కే బీచ్‌లో అల ఒడ్డు మీదకొచ్చి ఒక్కసారిగా కూలుతుంది, కొత్తవాళ్లకి అది చోటు కాదని తెలుసు కాబట్టి అటు పోలేదు. రుషికొండలో ఆరోజు అల నడుం ఎత్తు కూడా లేదు. మెల్లగా లేచి, నురగ కక్కుకుంటూ, పెద్దగా తోపు లేకుండా ఒడ్డుకి వచ్చేస్తోంది. మీ బోర్డు మీద బోర్లా పడుకుంటే అది నీళ్ల కిందకి దిగిపోయింది. కూర్చుంటే నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. చేతులేస్తూ ఎంత కొట్టుకున్నా అల నా కింద నుంచి జారిపోవడమే తప్ప నన్ను తీసుకెళ్లలేదు. రెండు గంటల్లో ఒక్కసారి కూడా మోకాళ్ల మీదకు లేవలేకపోయాను. పైగా దొర్లి పడినప్పుడు బోర్డు అడుగున రెక్కలా ఉండే గట్టి ప్లాస్టిక్ ఫిన్ తగిలి ఎడమ పిక్క మీద మూడంగుళాల గీత పడింది.

ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన చాలాసేపు నన్నే చూసి, “ఏటి బాబూ, ఆ పలక నిన్ను మోస్తాదేటి?” అన్నాడు. నా బరువు ఆయన అడగలేదు. చూశాడంతే.

మర్నాడే, అంటే బోర్డు చేతికొచ్చిన ఆరో రోజున, మీ ఏడు రోజుల గడువు లోపలే వాపసు కోరుతూ మీకు రాశాను. 12వ తేదీన జవాబు వచ్చింది. అందులో రెండు మాటలున్నాయి. ఒకటి, బోర్డు మీద మైనం రాశారు కాబట్టి అది ‘వాడిన సరుకు’, వెనక్కి తీసుకోం. రెండు, ‘ప్రారంభంలో అందరికీ కష్టంగానే ఉంటుంది, సాధన చేయండి.’

మైనం సంగతి ముందు చూద్దాం. ఆ మైనం ముద్ద మీ పెట్టెలోనే వచ్చింది. దాని చుట్టూ ఉన్న చీటీ మీద ‘నీళ్లలోకి దిగే ముందు తప్పక రాయండి’ అని ఉంది. రాయకపోతే జారిపడతాను, రాస్తే వాపసు లేదు. ఇక ఏడు రోజుల గడువు ఎవరి కోసం పెట్టారు? హాల్లో గోడకి ఆనించి చూసుకోవడానికా?

ఇక సాధన. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడుతున్నానని మీవాళ్లు అనుకున్నారు. నాకూ ఆ అనుమానం వచ్చింది. అందుకే మద్దెల మార్చి చూశాను. 16వ తేదీ ఆదివారం అదే రుషికొండలో, దాదాపు అదే ఎత్తు అలల్లో, సర్ఫింగ్ నేర్పే కుర్రాడి దగ్గర గంటకి అద్దె కట్టి 8 అడుగుల సాఫ్ట్‌టాప్ తీసుకున్నాను. పైన మెత్తటి ఫోమ్, వెడల్పు ఎక్కువ, 80 లీటర్ల పైమాటే. పడుకుంటే పడవలా తేలింది. నాలుగు చేతులు వేసేసరికి అల అందింది. మూడో అలకి మోకాళ్ల మీద, ఏడో అలకి కాళ్ల మీద నిలబడ్డాను. రెండు సెకన్లే, తర్వాత పల్టీ కొట్టాను. అయినా నిలబడ్డాను. మనిషిని నేనే, సముద్రం అదే, బోర్డు ఒక్కటే మారింది.

ఆ కుర్రాడు రెండు బోర్డుల్నీ ఇసుకలో పక్కపక్కన పడుకోబెట్టి చూపించాడు. మీ బోర్డు ముక్కు అరటిపండులా పైకి వంగి ఉంది. నిట్రంగా లేచే అలల మీద నుంచి దిగేటప్పుడు ముక్కు నీళ్లలో గుచ్చుకోకుండా ఆ వంపు పెడతారట. మా దగ్గర అల్లాటప్పా అలకి ఆ వంపు బ్రేకు వేసినట్టే. ఇక్కడ మొదలుపెట్టేవాడికి పొడవుగా, వెడల్పుగా, చదునుగా ఉండేదే కావాలి. ఇది పెద్ద రహస్యమేమీ కాదు, వారం నుంచి నేర్చుకుంటున్న పిల్లలు కూడా చెబుతున్నారు.

ఇంటికొచ్చాక మీ గైడ్ మళ్లీ తెరిచాను. బరువు 78 బదులు 55 పెట్టాను, అదే బోర్డు. విశాఖ బదులు గోవా పెట్టాను, తర్వాత చెన్నై దగ్గర కోవళం పెట్టాను, అదే బోర్డు. ‘పదేళ్ల అనుభవం’ నొక్కినా అదే. ఆ బోర్డు మీద అప్పుడు స్టాక్ క్లియరెన్స్ ఆఫర్ నడుస్తోంది. ప్రశ్నలు ఎందుకు అడిగారో నాకు అప్పుడు అర్థమైంది. నాలుగు స్క్రీన్‌షాట్లూ జతచేశాను, తేదీ, సమయం కనబడుతున్నాయి.

ఇవీ నేను కోరేవి. ఈ బోర్డు మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని, 8 అడుగులు లేదా అంతకన్నా పొడవున్న సాఫ్ట్‌టాప్‌ని, దానికి సరిపడా 8 అడుగుల లీష్‌తో, అంటే బోర్డుని కాలికి కట్టుకునే తాడుతో పంపండి. ధరలో తేడా ఉంటే రసీదు మీద సర్దుకుందాం. అది మీ దగ్గర లేకపోతే మొత్తం 38,700 రూపాయలూ తిరిగి ఇవ్వండి. ఆ గైడ్ సరిచేసేదాకా దాన్ని వెబ్‌సైట్ నుంచి తీసేయండి. నేను పిక్క గీరుకుపోవడంతో బయటపడ్డాను. ఈత అంతంతమాత్రం వచ్చినవాడు ఆ ఆకుపచ్చ టిక్కు నమ్మి, తేలని బోర్డేసుకుని లోపలికి వెళితే?

ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకుని అమ్మినవారు వెనక్కి తీసుకోవాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోపు పరిష్కరించాలని కూడా అందులోనే ఉంది. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, తర్వాత జిల్లా కమిషన్‌కి వెళతాను. అంతదాకా వెళ్లాలని నాకూ లేదు. ఏప్రిల్ నుంచి అలలు పెరుగుతాయంటున్నారు, ఈలోపు నిలబడటం నేర్చుకోవాలని ఉంది.

బోర్డు మీద మైనం గీకి, మంచినీళ్లతో కడిగి, బ్యాగులో పెట్టి ఉంచాను. తీసుకెళ్లడానికి మనిషిని పంపితే సాయంత్రం ఆరు తర్వాత పంపండి, పగలు ఆఫీసులో ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్

జతచేసినవి: బిల్లు, గైడ్ సిఫారసు చేసిన పేజీ ఫోటో, నాలుగు స్క్రీన్‌షాట్లు, మైనం చీటీ ఫోటో, మీ 12వ తేదీ జవాబు.