అంగన్‌వాడీకి చదువు చెప్పే టీచర్ని ఇంకొకరిని ఇవ్వండి
(మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

మంత్రి గారికి నమస్కారం.

పోర్టులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. విశాఖలో ఓ కొండవాలు వాడలో ఉంటాం. కోడలు పొద్దున్నే నాలుగిళ్లలో పనికి వెళ్లిపోతుంది కాబట్టి నాలుగేళ్ల మనవరాలిని అంగన్‌వాడీకి దింపే డ్యూటీ నాది. 63 మెట్లు. నా మోకాళ్లకు లెక్క బాగా తెలుసు.

మొన్న దింపేసి గుమ్మం దగ్గర కాసేపు కూర్చున్నాను. అద్దె గది. టీచరమ్మ కూల్‌డ్రింక్ సీసాల మూతలు ముందేసుకుని రంగులు చెప్పిస్తోంది. ఎరుపయింది, పచ్చయింది, అంతలో ఫోను మోగింది. యాప్‌లో ఏవో వివరాలు ఎక్కలేదట. సిగ్నల్ కోసం మెట్ల మీదికొచ్చింది. ఆ పని అవుతుండగానే ఓ బాలింత సరుకులకొచ్చింది. ఆమె ముఖం ఫోటో తీయాలి, ఓటీపీ రావాలి. టీచరమ్మ లోపలికెళ్లేసరికి పదకొండు దాటింది. మూతలు పిల్లల నోళ్లలో ఉన్నాయి. ఆయా పొయ్యి వదిలి పరుగెత్తింది.

టీచరమ్మను తప్పుపట్టలేను. అంగన్‌వాడీలను నడిపేది 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం). అందులో సేవలు ఆరు. తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యం సంగతులు చెప్పడం, వీటితోపాటు పూర్వ ప్రాథమిక విద్య. టీకాలు, పరీక్షలకు నర్సమ్మ వచ్చినా మిగతా పనంతా టీచరమ్మ, ఆయా ఇద్దరిదే. గుడ్డు లెక్క తప్పితే అడుగుతారు. పాఠం సగంలో ఆగితే అడిగే నాథుడు లేడు.

అడగడానికి హక్కేదీ? విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే. అంతకన్నా చిన్నవాళ్లకు ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అంటుంది 11వ సెక్షన్. 2002లో మార్చిన రాజ్యాంగ 45వ అధికరణం ‘ప్రయత్నించాలి’ అంటుంది. 2020 జాతీయ విద్యావిధానమేమో మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని రాసింది. ఓడలో బరువు సరుకు ముందు అడుగున సర్దుతారు సార్. ఇక్కడ అడుగు ఖాళీ.

పక్కింటావిడ చీటీ పాడి మనవణ్ణి ఎల్‌కేజీలో వేసింది. వాడు టై కట్టుకెళ్లి పేజీ నిండా ఒకే అక్షరం దిద్దుకొస్తున్నాడు. దానికన్నా సీసా మూతలే నయమని నేనంటే ఆవిడ నవ్వుతుంది. కానీ మూతలతో ఆడించే మనిషి అక్కడ ఉండాలిగా!

గోడల మీద బొమ్మలు తర్వాత వేయిద్దురు. ప్రతి కేంద్రానికీ చదువు మాత్రమే చూసుకునే టీచర్ని ఇంకొకరిని వేయండి, గౌరవ వేతనం కాదు, జీతమివ్వండి. ఆమె చేతికి ఆ ఫోను ఇవ్వొద్దు. ఇప్పుడున్నవాళ్లకు శిక్షణ ఎలాగో ఆ 2020 విద్యావిధానంలోనే ఉంది: ఇంటర్ చదివితే ఆరు నెలలు, తక్కువైతే ఏడాది. డబ్బుల్లేవంటారేమో. దేశాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది, ఆ మాట ఇంకా బాకీయే. రాష్ట్రమంతా ఒక్కసారి కుదరకపోతే ఈ ఊరి కొండవాడలు, జాలరిపేటలతో మొదలుపెట్టండి.

మా పిల్లకు ఆరేళ్లు నిండడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. వచ్చే బడ్జెట్లోనూ ఇది లేకపోతే దాని వంతు దాటిపోయినట్టే.

ఇట్లు,
ఓ తాత, విశాఖపట్నం