భోగి మంటల వేళ సూర్యుడు దగ్గర, మే ఎండల్లో దూరం

తల్లిదండ్రులకు నమస్కారం.

జనవరిలో మన సైన్సు మేడమ్ ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక చిన్న ప్రశ్న ఇచ్చారు: ఎండాకాలం ఎందుకు వస్తుంది? సగం మందికి పైగా ఒకే జవాబు రాశారు. భూమి సూర్యుడికి దగ్గరగా పోతుంది కాబట్టి అని. సంతకం కోసం పేపర్లు ఇంటికి పంపితే, ఒక నాన్నగారు కింద రాసి పంపారు: "జవాబు కరెక్టే కదా మేడమ్, మార్కులు ఎందుకు తీసేశారు?" ఆయన్ని నేను తప్పు పట్టను. టీచరుగా చేరిన కొత్తలో రెండేళ్ళపాటు నేనూ పిల్లలకు అలాగే చెప్పాను. పొయ్యి దగ్గరికి జరిగితే వేడి, దూరం జరిగితే చల్లన. ఇంట్లో రోజూ చూసేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

కానీ భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఏటా జనవరి మొదటి వారంలో. అప్పుడు దూరం దాదాపు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. అది దాటిన పది రోజులకే మనం భోగి మంట చుట్టూ చేతులు కాచుకుంటూ నిలబడతాం! అన్నిటికన్నా దూరంగా ఉండేది జూలై మొదటి వారంలో, దాదాపు 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లు. అంటే మే నెలలో తారురోడ్డు మీద చెప్పులు అంటుకుంటున్నప్పుడు మనం సూర్యుడికి దూరంగా జరుగుతూ ఉన్నామన్నమాట.

ఈ పొరపాటుకు సగం కారణం మనం నల్లబల్ల మీద గీసే బొమ్మే. భూమి తిరిగే దారిని కోడిగుడ్డులా సాగదీసి గీస్తాం. నిజానికి ఆ దారిని 30 సెంటీమీటర్ల వెడల్పున కాగితం మీద గీస్తే, పొడవుకీ వెడల్పుకీ తేడా తలవెంట్రుక మందం కూడా ఉండదు. సూర్యుడు మాత్రం నడిమధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్లు పక్కకు ఉంటాడు. 50 లక్షల కిలోమీటర్ల తేడా అంటే వినడానికి చాలా పెద్దది. మొత్తం దూరంలో అది మూడు శాతం పైచిలుకు, అంతే. పైగా దూరమే కారణమైతే భూమంతా ఒకేసారి ఎండాకాలం రావాలి. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో మొదలయ్యే క్రికెట్ టెస్టుకి జనం టోపీలు పెట్టుకుని, ఎండకి క్రీములు పూసుకుని వస్తారు. టీవీలో చూసే మన పిల్లలు దుప్పటి కప్పుకుని కూర్చుంటారు. ఈ ఉదాహరణ చెప్పింది నేను కాదు, వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి. పరీక్షలో మాత్రం వాడూ తప్పే రాశాడు.

అసలు కారణం వాలు. భూమి తన చుట్టూ తాను తిరిగే ఇరుసు నిటారుగా లేదు, 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది. ఏడాది పొడుగునా అది ఒకే దిక్కుకు, ధ్రువ నక్షత్రం వైపుకే చూపిస్తూ సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. (ధ్రువుణ్ణి పిల్లలకు చూపించాలంటే తిరుమల కొండకు కాస్త దూరం వెళ్ళండి. మన తిరుపతిలో అది ఉత్తరాన పదమూడున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అలిపిరి దగ్గర నిలబడితే కొండే అడ్డం.) అందువల్ల జూన్‌లో ఉత్తరార్ధం సూర్యుడి వైపు వాలి ఉంటుంది, డిసెంబరులో దక్షిణార్ధం. వాలినవైపు ఎండ నిట్టనిలువుగా పడుతుంది, పగలూ పొడుగవుతుంది. రెండోవైపు ఎండ ఏటవాలుగా పడి పల్చబడుతుంది. ఒకే గరిటె పిండి చిన్న పెనం మీద పోస్తే మందంగా ఉంటుంది, పెద్ద పెనం మీద తిప్పితే కాగితం దోసె అవుతుంది కదా, అలాగే. డిసెంబరు 21న తిరుపతిలో మధ్యాహ్నం సూర్యుడు 53 డిగ్రీల ఎత్తు దాకానే వస్తాడు. నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే ఎండ ఐదో వంతు తగ్గుతుంది. ఢిల్లీలో అదే రోజు సూర్యుడు 38 డిగ్రీలు దాటడు, పగలు పది గంటల ఇరవై నిమిషాలే. అందుకే వాళ్ళకు స్వెట్టర్లూ రజాయిలూ కావాలి, మనకు ఒక మఫ్లర్ చాలు.

ఇదంతా బోర్డు మీద రాసి బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేక, సంక్రాంతి సెలవుల తర్వాత గ్రౌండులో ఒక మీటరు కర్ర నాటించాను. మధ్యాహ్నం దాని నీడ జనవరి 20న 67 సెంటీమీటర్లు వచ్చింది. ఫిబ్రవరి 20న 46, మార్చి 21న 24, మొన్న ఏప్రిల్ 10న పది. మొదటిరోజు పిల్లలు సరిగ్గా పన్నెండుకి కొలిచి, ఆ తర్వాత కూడా నీడ ఇంకా పొట్టి అవుతుంటే స్కూలు గడియారం తప్పన్నారు. గడియారం తప్పు కాదు. మన దేశపు టైము కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. మనం దానికి మూడు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే మనకు నడిపొద్దు సుమారు పన్నెండు నిమిషాలు ఆలస్యం. మరి జనవరిలో నడిపొద్దు 12:23కి, ఏప్రిల్‌లో 12:13కి ఎందుకొచ్చింది? అందులో కొంత వాలు పని, కొంత భూమి వేగం పని. దగ్గరగా ఉన్న జనవరిలో భూమి సెకనుకు 30.3 కిలోమీటర్లు పరుగెడుతుంది, జూలైలో 29.3. దాని ఫలితం మీ ఇంటి క్యాలెండర్లోనే ఉంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20 నుంచి మళ్ళీ అలా అయ్యే సెప్టెంబరు 22 దాకా రోజులు లెక్కపెట్టించండి, 186 వస్తాయి. మిగతా సగానికి 179.

నీడ కొలతలు ఇంటికి చేరాక పెద్దవాళ్ళ నుంచి నాకు చాలా కబుర్లు వచ్చాయి. పాకాల వైపు నుంచి ఒక అవ్వ మనవరాలితో చెప్పి పంపింది: "చలికాలం ఎండ దక్షిణపు వసారాలో లోపలిదాకా వస్తాది, ఎండాకాలం ఉత్తరపు గోడ కూడా కాలతాది." నేను రెండు పీరియడ్లు చెప్పిన పాఠం ఆమె ఒక్క మాటలో తేల్చేసింది.

మరో ఇంటి నుంచి సంక్రాంతి గురించి అడిగారు. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో అయితే, ఉత్తరాయణం జనవరి 14న ఎందుకు మొదలవుతుంది? పంచాంగం తప్పని కాదు. మన సంక్రాంతులూ కార్తెలూ సూర్యుడు ఏ నక్షత్రాల దగ్గర ఉన్నాడన్న లెక్క మీద నడుస్తాయి. భూమి ఇరుసు తిరిగే బొంగరంలా మెల్లగా చుట్టూ ఊగుతుంది, ఒక చుట్టుకి సుమారు 26,000 ఏళ్ళు. దానివల్ల ఆ లెక్కకీ రుతువులకీ మధ్య 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున తేడా పెరుగుతూ వస్తోంది. సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజున పడేవి.

సూర్యుడు మన నెత్తిన ఉండేది ఏప్రిల్ చివర అయితే, రోళ్ళు పగిలేది మే చివర రోహిణి కార్తెలో ఎందుకు? పొయ్యి మీద పెట్టిన పెనం వెంటనే కాలదు, అదీ సంగతి. జూన్ వచ్చాక సూర్యుడు ఇంకా పైనే ఉన్నా మబ్బులు కమ్ముతాయి. ఎండలు దక్షిణానికి జరిగాక గాలి దిక్కు మారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు నిలిచిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి.

ఇక అసలు పని. ఏప్రిల్ 26 ప్రాంతంలో తిరుపతిలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. చిత్తూరులో దాదాపు ఒక రోజు ముందు. అప్పటికి సెలవులు ఇచ్చేసి ఉంటాం కాబట్టి ఈ బాధ్యత మీది. మధ్యాహ్నం 12:05కి మిద్దె మీద చదునైన చోట ఒక స్టీలు గ్లాసు, ఒక సీసా నిలబెట్టించండి. 12:10కి వాటి నీడ వాటి కిందే దాక్కుంటుంది. పిల్లలకు టోపీ పెట్టండి, కాళ్ళకు చెప్పులు ఉండాలి, సూర్యుడి వైపు చూడనివ్వద్దు. పది నిమిషాల్లో కిందికి దించేయండి. ఫోటో తీసి క్లాసు గ్రూపులో పెడితే సంతోషం. జూన్‌లో బడి తెరిచాక, 21న మన కర్ర నీడ 17 సెంటీమీటర్లు ఉంటుంది, కానీ దక్షిణం వైపు పడుతుంది. నడిపొద్దు నీడ దక్షిణానికి పడటం మన పిల్లల్లో చాలామంది గమనించి ఉండరు. ఆగస్టు 16 ప్రాంతంలో మళ్ళీ నీడ మాయమవుతుంది, ఈసారి 12:16కి, మబ్బు లేకపోతే.

చివరగా నాగలాపురం సంగతి. అక్కడి వేదనారాయణస్వామి గుడిలో మార్చి చివరి వారంలో సాయంకాలపు ఎండ గర్భగుడిలోకి వచ్చి స్వామిని తాకుతుంది. మొదట పాదాలు, తర్వాత నాభి, తర్వాత శిరస్సు అంటారు. ఆ రోజుల్లో సూర్యుడు దాదాపు సూటిగా పడమరన అస్తమిస్తాడు. చూసొచ్చిన ఏడో తరగతి పాప ఒకటి అడిగింది: సెప్టెంబరు 18 ప్రాంతంలో కూడా సూర్యుడు అక్కడే అస్తమించాలి కదా, మరి అప్పుడు? లెక్క ప్రకారం ఆ పాప మాట నిజం. వెళ్ళి చూద్దామనుకుంటున్నాం. అనుమతి పత్రం జూన్‌లో డైరీతో పాటు పంపుతాను, సంతకం చేసి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు