పాడినవారి పేరు కూడా వేయండి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో దేశదేశాల సంగీతం గురించి వస్తున్న శీర్షికను విడవకుండా చదువుతున్నాను. పిల్లలకు గాత్రం నేర్పడం నా వృత్తి. మీరు పరిచయం చేసిన పాటలను వెతికి వింటాను, వాళ్లకూ వినిపిస్తాను. పోయిన వారం వచ్చిన ‘ఆఫ్రికా గిరిజనుల వింత వాద్యం’ మాత్రం చాలా బాధ కలిగించింది. అందులో వాద్యం పేరు లేదు, దేశం పేరు లేదు, ఫొటోలో వాయిస్తున్న మనిషి పేరు అసలే లేదు.

అది జింబాబ్వేలోని షోనా ప్రజల ఎంబిరా. చెక్క పలక మీద ఇనుప రేకులు బిగించి, రెండు బొటనవేళ్లతోనూ కుడి చూపుడువేలితోనూ మీటుతారు. నాదం పెరగడానికి దాన్ని పెద్ద ఆనపకాయ బుర్రలో ఇమిడ్చి వాయిస్తారు. బుర్రకు నత్తగుల్లలు గానీ సీసా మూతలు గానీ తగిలించి ఉంటాయి. స్వరం పలికినప్పుడల్లా అవి అదిరి జీరగా మోగుతాయి. మీ వ్యాసకర్త ఆ జీరను వాద్యంలోని లోపం అన్నారు. మా పిల్లలు కూడా మొదటిసారి విని, స్పీకరు పాడైందా అని అడిగారు. పిల్లలు అడగడం సహజం, పత్రిక అలా రాయకూడదు. ఆ మూతలను కావాలనే కడతారు. రాత్రంతా సాగే బీరా క్రతువులో పితృదేవతలను పిలిచే వాద్యం ఇది. జీర లేకపోతే వాళ్ల చెవికి ఆ నాదం బోసిగా ఉంటుంది.

మరో సంగతి. ఎంబిరాను కొంతసేపు ఆపకుండా వింటే, ఒకదానిలో ఒకటి అల్లుకున్న స్వరాల మధ్య నుంచి ఎవరూ విడిగా వాయించని బాణీ ఒకటి వినిపించడం మొదలవుతుంది. దాన్ని కూర్చుకునేది మన చెవే. మీరు సిఫారసు చేసిన అర నిమిషం వీడియోలో అది దొరకదు. ఆడవాళ్లకు ఈ విద్య నేర్పడానికి వెనకాడే రోజుల్లో పట్టుబట్టి నేర్చుకున్న స్టెల్లా చివేషే 2023లో కన్నుమూశారు. పాఠకులు ఆమె వాద్యంతో మొదలుపెడితే ఎంత బాగుంటుందో!

పేరు వదిలేస్తే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. పసిఫిక్ మహాసముద్రంలోని సాలమన్ దీవుల్లో, మలైతా ద్వీపంలో, అఫునక్వా అనే ఆమె ‘రొరొగ్వెలా’ అనే జోలపాట పాడింది. తల్లిదండ్రులు లేని పసివాణ్ని తోబుట్టువు ఊరడించే పాట అది. పరిశోధకుడు హ్యూగో జెంప్ దాన్ని రికార్డు చేశారు. 1973లో యునెస్కో సంగీతమాలలో అది వెలువడింది. 1992లో ఒక ఫ్రెంచి బృందం ఆమె గొంతును తీసుకుని, తాళం జోడించి, మధ్య ఆఫ్రికా పిగ్మీల సంగీతం పేరు చెప్పుకున్న ఆల్బంలో పెట్టింది. ఆ పాట లోకమంతా మోగింది. 1996లో ఒక నార్వే సాక్సొఫోన్ విద్వాంసుడు అదే బాణీని పిగ్మీల జోలపాటగానే వాయించాడు. వేల కిలోమీటర్ల అవతల, వేరే సముద్రం ఒడ్డున, వేరే భాషలో పాడిన అఫునక్వా పేరు ఆ హోరులో ఎవరికీ పట్టలేదు. జెంప్ దీని మీద నిరసనగా వ్యాసం రాయవలసి వచ్చింది.

సినిమా పాట గురించి రాసేటప్పుడు గాయని పేరు మీరు ఒక్కసారైనా వదిలారా? ఈ శీర్షికకూ ఆ పాటి మర్యాద దక్కాలి. పాడినవారి పేరు, ఊరు, రికార్డు చేసిన సంవత్సరం, ఏ సందర్భంలో పాడతారు అన్న ఒక్క వాక్యం చాలు. ఈ వివరాలు దొరకనివి కావు. అమెరికాలోని స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ సంస్థ రికార్డులతో పాటు వచ్చే పుస్తకాల్లో చాలావరకు ఉంటాయి. ఆఫ్రికా సంగీతానికైతే 1954లో హ్యూ ట్రేసీ దక్షిణాఫ్రికాలో స్థాపించిన భాండాగారం ఉంది. స్థలం చాలకపోతే ‘వింత’, ‘ఆదిమ’, ‘అంతుచిక్కని’ వంటి విశేషణాలు తీసేయండి, చోటు దానంతటదే వస్తుంది.

పోయిన వారం ఫొటోలోని వాద్యకారుడి పేరు తెలుసుకుని, వచ్చే సంచికలో సవరణగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక సంగీత ఉపాధ్యాయిని