కుదురుతుందో కుదరదో ఫీజు కట్టకముందే చెప్పండి: అమెరికా ఇంటీరియర్ సెక్రటరీ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. పిల్లా పిల్లాడూ ఇద్దరూ ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళే, ఇద్దరికీ కొండలెక్కే పిచ్చి, అందుకని హాలూ వద్దు హోటలూ వద్దు, నేషనల్ పార్కులోనే చేసుకుంటామని పట్టుబట్టారు. పెద్దవాళ్ళు కాసేపు గొణిగి సరేనన్నారు. పార్కులో పెళ్ళికి పర్మిట్ తీసుకోవాలి, మేనమామని కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ఈ పార్కులన్నీ మీ శాఖ కిందే ఉన్నాయి కాబట్టి మీకు రాస్తున్నాను. ఇంగ్లిషు కాపీ మీ ఆఫీసుకి విడిగా పంపాను. ఇదే ఆలోచనలో ఉన్న మనవాళ్ళు కూడా చదువుకుంటారని తెలుగులోనూ రాస్తున్నాను. ఏ పార్కో ఇక్కడ చెప్పను, అక్కడి ఉద్యోగుల మీద నాకు కోపమేమీ లేదు.

రూల్స్ సడలించమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఈ కొండల్నీ అడవుల్నీ చెడకుండా తర్వాతి తరాలకి అప్పగించాలని 1916లో పార్క్ సర్వీస్ (ఈ పార్కుల్ని నడిపే మీ శాఖలోని సంస్థ) పెట్టిన చట్టంలోనే ఉంది, ఆ మాట మీద నిలబడే ఎవరినైనా గౌరవిస్తాను. డ్రోన్లు వద్దన్నారు, సంతోషం, పెళ్ళిళ్ళలో ఆ గోల నాకూ నచ్చదు. మైకులు వద్దంటే సన్నాయి మేళం ఉత్తినే వాయించుకుంటాం, అసలు దానికి మైకెందుకు? పర్మిట్ ఇచ్చినా ఆ చోటు మాకు మాత్రమే ప్రత్యేకించరనీ, మిగతా జనం వస్తూ పోతూ ఉంటారనీ చెప్పారు. అదీ న్యాయమే. అది అందరి స్థలం.

ఇబ్బందల్లా మీ ఫారం దగ్గర మొదలైంది. పెళ్ళిలాంటి కార్యక్రమాలకి ఇచ్చే స్పెషల్ యూజ్ పర్మిట్ అప్లికేషన్‌లో ఏం చేస్తారు, ఎంతమంది వస్తారు, ఏ సామాను తెస్తారు అని అడుగుతారు. మా పెళ్ళిలో ఏం చేస్తామో ఆ చిన్న గడిలో ఎలా రాయాలి సార్? జీలకర్ర బెల్లం, అడ్డుతెర, మంగళసూత్రం, ఇవి ఎవరికీ అడ్డురావు. తలంబ్రాలు వస్తాయి. బియ్యం, పూలరేకులు చల్లొద్దని చాలా పార్కుల్లో ముందే రాసి పెడతారు. బియ్యం తింటే పక్షుల పొట్టలు పగులుతాయని జనం చెప్పుకునే మాటలో నిజం లేదు. అసలు సంగతి మనం పారబోసిన తిండికి జంతువులు అలవాటు పడకూడదనీ, అక్కడ చెత్త మిగలకూడదనీ. కింద పట్టా పరిచి మొత్తం ఏరేస్తామని మా బావ అన్నాడు గానీ, కొండమీద గాలిలో పసుపు బియ్యం గింజ గింజా ఏరడం జరిగే పని కాదని నాకు తెలుసు. కాబట్టి తలంబ్రాలు మేం దిగే ఇంట్లోనే పోసుకుంటామని ఒప్పుకున్నాం. హోమమూ అంతే. ఎండాకాలంలో పడమటి రాష్ట్రాల్లో ఒక్క నిప్పురవ్వకి ఎన్ని ఎకరాలు పోతాయో ఏటా చూస్తూనే ఉన్నాం, పంతులుగారికి నచ్చజెప్పి ఏడడుగులు కూడా ఇంట్లో హోమం దగ్గరికే మార్చాం. మిగిలింది ఒక్క దీపం. గాజు బుడ్డిలో పెట్టిన నూనె దీపం ఒకటి ఉండొచ్చా అని అడిగాను. వచ్చిన జవాబు: అప్లికేషన్ పెట్టి ఫీజు కట్టండి, తర్వాత పరిశీలిస్తాం. ఆ ఫీజు తిరిగి ఇవ్వరు.

నా ఫిర్యాదు ఇదే. ఇంకా పెద్దవి ఉన్నా వాటి జోలికి పోను. దీపం వద్దంటే వద్దు, బ్యాటరీ దీపం పెట్టుకుంటాం, కానీ ఆ "వద్దు" వినడానికి కూడా ముందు డబ్బు కట్టాలా? పోనీ ఒక పార్కులో తెలుసుకున్నది పక్క పార్కులో పనికొస్తుందా అంటే అదీ లేదు. ఫీజు ఒకచోట 50 డాలర్లు, ఇంకోచోట కొన్ని వందలు. ఒకచోట పెళ్ళికి ఫలానా చోట్లే అని జాబితా ఇస్తారు, ఇంకోచోట మీరే చెప్పండి అంటారు. ఎంతమంది రావచ్చు అన్నది చోటుని బట్టి మారుతుంది, అది సహజం, ఇరుకు రాతి అంచూ పెద్ద మైదానమూ ఒకటి కావు. ఆ తేడాలతో నాకు పేచీ లేదు. వాటిని ఫీజు తర్వాత కాకుండా ఫీజుకి ముందే పేజీలో పెట్టమంటున్నాను, అంతే.

రెండోది గడువు. ఎన్ని వారాల ముందు అప్లై చేయాలో మాకు చెప్తారు గానీ, ఎన్నాళ్ళలో తేలుస్తారో మీరు చెప్పరు. హాల్లో పెళ్ళయితే శనివారం కుదరకపోతే ఆదివారం అనుకోవచ్చు. ముహూర్తం అలా జరగదు. పంతులుగారు ఇద్దరి జాతకాలూ చూసి తీసిన లగ్నం అది, ఇండియా నుంచి తాతయ్య వాళ్ళు వీసా తెచ్చుకుని, టికెట్లు కొనుక్కుని రావాలి, ఇక్కడేమో పర్మిట్ చేతికి రాకుండా ఎవరికీ ఏదీ ఖాయంగా చెప్పలేక రోజూ టెన్షన్. మీ దగ్గర మనుషులు తక్కువని తెలుసు. 2025 ఫిబ్రవరిలో పార్క్ సర్వీస్‌లో ఒక్కసారిగా దాదాపు వెయ్యి మందిని తీసేసినప్పుడే ఆ భారం ఎక్కడో పడుతుందని అందరూ అన్నారు. 2013 అక్టోబరులో బడ్జెట్ తేలక 16 రోజులు ప్రభుత్వం మూతపడి, పార్కులు కూడా మూసేసినప్పుడు పర్మిట్ చేతిలో ఉన్న జంటలు కూడా రోడ్డున పడ్డారు. ఆ రెండూ పార్కు ఉద్యోగుల చేతిలో ఉన్నవి కావు, పైనుంచి వచ్చినవి. అందుకే ఉత్తరం పార్కుకి కాకుండా మీకు రాస్తున్నాను.

ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. 2025 జనవరిలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం చిన్న బృందం చేత్తో మోసుకెళ్ళే కెమెరాలతో ఫోటోలు, వీడియోలు తీసుకుంటే చాలావరకు పర్మిటే అక్కర్లేదు. మంచిదే. అంటే మా పిల్లలు పట్టుబట్టలు కట్టుకుని, అదే కొండ అంచున దండలు పట్టుకుని ప్రీ వెడ్డింగ్ షూట్ చేసుకుంటే ఎవరూ అడగరు. అదే ఐదారుగురు అదే చోట నిలబడి, కెమెరా కూడా లేకుండా, పావుగంటలో తాళి కట్టిస్తే చాలా పార్కుల్లో ఫారం, ఫీజు, నిరీక్షణ. కుర్చీ వేయనివాళ్ళకీ, మైకు పెట్టనివాళ్ళకీ, ఏమీ చల్లనివాళ్ళకీ ఆ ఫోటోల సౌకర్యమే ఇస్తే మీ సిబ్బందికి సగం కాగితాలు తగ్గుతాయి, ఆ టైములో వంద మందితో వచ్చేవాళ్ళని గట్టిగా చూసుకోవచ్చు.

(మనవాళ్ళకి ఒక మాట: పార్కు పర్మిట్ వేరు, మ్యారేజ్ లైసెన్స్ వేరు. లైసెన్స్ పార్కువాళ్ళు ఇవ్వరు. ఎల్లోస్టోన్ లాంటి పార్కు మూడు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంటుంది, నిలబడి పెళ్ళి చేసుకునే చోటు ఏ రాష్ట్రంలోకి వస్తే ఆ రాష్ట్రం లైసెన్సే కావాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.)

మా పిల్ల ఇంత పట్టు ఎందుకు పట్టిందని మీకు అనిపించొచ్చు. హాల్లో పెళ్ళిళ్ళలో పట్టపగలు పంతులుగారు సీలింగ్ ఫ్యాన్ వైపు చూపించి అదిగో అరుంధతి అంటే అందరం తలూపుతాం. మీ పార్కుల్లో రాత్రి ఎంత చీకటంటే సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన ఆ చిన్న చుక్క మామూలు కంటికే కనిపిస్తుంది. ఆ చుక్కని నిజంగా చూడాలని మా పిల్ల కోరిక.

మా అప్లికేషన్ నంబరు ఇంగ్లిషు కాపీలో ఉంది. దీపం సంగతీ, పొద్దున్న ఎన్నింటికి లోపలికి రానిస్తారన్నదీ, ఈ రెండూ ఈ నెలాఖరులోగా తేల్చమని ఆ పార్కుకి చెప్పించండి. కుదరదంటే కుదరదనే రాయమనండి, బయట ఊళ్ళో ఇంకో చోటు చూసుకోవడానికి మాకూ టైము కావాలి.

ఇట్లు,
పెళ్ళికూతురి మేనమామ